ఆగిన చుక్క ముందు 14 గంటలు

మంచు దారి మీద సైకిలు పోటీకి వెళ్లిన మా ఆయన ఎక్కడున్నారో చూపే చుక్క నాలుగో రోజు రాత్రి 9:52కు ఆగిపోయింది. అలాస్కా పటం మీద, రోన్ అనే మజిలీ దాటి నికొలాయ్ ఊరు ఇంకా చేరని చోట, దారి గీత తప్ప మరే గుర్తూ లేని తెలుపులో, ఆయన పేరు పొడి అక్షరాలున్న నీలం చుక్క నిలిచిపోయి మర్నాడు మధ్యాహ్నం 12 కావస్తున్నదాకా కదలలేదు. నేను ఆంకరేజ్‌లో మా ఇంట్లో, వంటింటి బల్ల ముందు కూర్చుని ఉన్నాను. పోటీ నిర్వాహకుల ఫోను నంబరు ఎదురుగా కాగితం మీద ఉంది. ఆ 14 గంటలూ నేను ఆ నంబరుకు ఫోను చేయలేదు. ఈ సంగతి విన్న స్నేహితుల్లో కొందరు మెచ్చుకున్నారు, ఎక్కువమంది ఏమీ అనకుండా ఊరుకున్నారు, ఒకరు మాత్రం "మా ఆయనే అయితే నేను అలా కూర్చోగలిగేదాన్ని కాదు" అని మొహం మీదే అన్నారు. ఆ మాటలోని నింద నాకు తెలిసింది. ఆమెకు అప్పుడు ఇవ్వలేకపోయిన జవాబు ఇక్కడ రాస్తున్నాను. నేను చెప్పదలచుకున్నది ఇది: దారి తెలియనివారికి ఆ చుక్క ఏమీ చెప్పదు, చెబుతున్నట్టు భ్రమ మాత్రం కలిగిస్తుంది. ఆ భ్రమలో చేసే పని ఎంత ప్రేమతో చేసినదైనా అక్కడున్న మనిషికి మేలు చేయకపోగా కీడు తెచ్చిపెట్టవచ్చు.

ఈ పోటీ గురించి తెలియనివారికి కొంత చెప్పాలి. దీని పేరు ఇడిటరాడ్ ట్రైల్ ఇన్విటేషనల్. ఏటా ఫిబ్రవరి నెలాఖరున, ఆంకరేజ్‌కు ఉత్తరంగా ఉన్న నిక్ సరస్సు ఒడ్డున మొదలవుతుంది. సైకిలు మీద, కాలినడకన, స్కీల మీద, ఎవరికి చేతనైన విధంగా వారు వెళ్లవచ్చు. ఒక గమ్యం 350 మైళ్ల అవతల, అంటే సుమారు 560 కిలోమీటర్ల దూరంలో, కస్కోక్విమ్ నది ఒడ్డున ఉన్న మెక్‌గ్రాత్. రెండోది 1000 మైళ్ల అవతల, బేరింగ్ సముద్ర తీరంలో ఉన్న నోమ్. మొదటిదానికి 10 రోజులు గడువు, రెండోదానికి 30. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో బంగారం కోసం వచ్చినవారు, కుక్కబండ్ల మీద తపాలా మోసినవారు వాడిన దారి ఇది. 1973 నుంచి కుక్కబండ్ల పోటీ నోమ్ దాకా సాగుతున్నదీ దీని మీదనే. 1987లో ఇక్కడ సైకిళ్ల పోటీలు మొదలయ్యాయి, ఇప్పటి పోటీ 2002 నుంచి జరుగుతోంది. మెక్‌గ్రాత్‌కు రోడ్డు లేదు, నికొలాయ్‌కీ లేదు. ఈ దారిలో చాలా భాగం వేసవిలో చిత్తడి నేల, పారే నది. చలి దాన్ని గడ్డకట్టించినప్పుడే అది దారి అవుతుంది.

మా ఆయన సాధన చేసిన రెండు చలికాలాలూ నేను ఆ దారిని చదువుకున్నాను. ఇదివరకు వెళ్లివచ్చినవారిని అడిగాను, పటాలు ముందేసుకుని కూర్చున్నాను, ఆయన సామాను సర్దుతుంటే ప్రతి వస్తువూ ఎందుకని అడిగాను. స్క్వెంట్నా దాకా తొలి 90 మైళ్లలో ఎక్కువ భాగం సుసిట్నా, యెంట్నా నదుల మంచుగడ్డ మీదనే బల్లపరుపుగా పోతుంది. అక్కడి నుంచి నేల మెల్లగా లేచి ఫింగర్ సరస్సు, పుంటిల్లా సరస్సు దాటి, చెట్లన్నవే లేని కొండల నడుమ 3160 అడుగుల ఎత్తున్న రెయినీ పాస్ అనే కనుమ చేరుతుంది. అలాస్కా పర్వతశ్రేణిని దాటేది అక్కడే. అవతల డాల్జెల్ లోయ గుండా దిగితే రోన్ వస్తుంది. రోన్ అంటే ఊరనుకోకూడదు. ఒక కొయ్య గది, చిన్న విమానాలు దిగేందుకు కాస్త చదునైన నేల, పోటీ రోజుల్లో చెక్కపొయ్యి పెట్టిన ఒక కాన్వాసు గుడారం, అంతే. రోన్ నుంచి నికొలాయ్ దాకా సుమారు 80 మైళ్లు, దారిలో ఊరన్నదే లేదు. 1970లలో లక్షల ఎకరాల అడవి తగలబడిపోయిన ఫేర్‌వెల్ బర్న్ ఆ మధ్యలోనే ఉంది. మా ఆయన చుక్క ఆగింది ఈ భాగంలోనే.

దూరాల కంటే ముఖ్యమైన సంగతి ఒకటి నాకు ఆలస్యంగా బోధపడింది. ఈ దారి ఏ రెండు రోజులూ ఒకేలా ఉండదు. స్నోమెషీన్ (మంచు మీద నడిచే మోటారు బండి) తొక్కిన మంచు కొన్ని గంటలు చలికి ఆరితేనే గట్టిపడుతుంది. అప్పుడు నాలుగైదు అంగుళాల వెడల్పు టైర్లలో వేలితో నొక్కితే లోపలికి పోయేంత తక్కువ గాలి ఉంచుకుని దాని మీద సైకిలు తొక్కవచ్చు. కొత్త మంచు పడినా, గాలి పాత మంచును తెచ్చి దారిలో పోసినా, ఎండ పొడచూపి పైపొర మెత్తబడినా, సామానుతో బరువెక్కిన ఆ సైకిలును చేతులతో నెట్టుకుంటూ నడవవలసిందే. 2014లో, దారి గట్టిగా ఉన్న ఏడాది, జెఫ్ ఓట్లీ నోమ్ దాకా ఉన్న 1000 మైళ్లనూ 10 రోజుల పైచిలుకులో ముగించాడు. దారి కలిసిరాని ఏడాదిలో మెక్‌గ్రాత్ చేరడానికే అన్ని రోజులు పట్టేవారు ఉంటారు. అందుకే గంటకు రెండున్నర మైళ్ల చొప్పున కదులుతున్న చుక్కను చూసి, పాపం అలసిపోయాడు అని అనుకోవడం పొరపాటు. అదే వేగం ఆరు గంటలు మారకుండా ఉంటే, ఆ మనిషి సైకిలు దిగి నిబ్బరంగా నెట్టుకుంటూ వెళుతున్నాడని అర్థం. కాసేపు ఎనిమిది మైళ్లు, కాసేపు సున్నా, మళ్లీ ఏడు, మళ్లీ సున్నా అని ఎగుడుదిగుడుగా ఉన్న చుక్క గురించే నేను ఎక్కువగా ఆలోచిస్తాను. అలా తొక్కేవాడికి చెమట పడుతుంది. మైనస్ 30 డిగ్రీల్లో, మనిషి ఆగిన మరుక్షణం ఆ చెమటే శత్రువు అవుతుంది.

మూడో రోజు పుంటిల్లా దగ్గర ఆయన 11 గంటలు ఆగిపోతే మా అత్తయ్యగారు ఫోనులో కంగారు పడ్డారు. నాకు మాత్రం ఊరట కలిగింది. పాస్‌లో గాలి ఉద్ధృతంగా ఉందని ఆ ఉదయం సూచనలు చెప్పాయి. చెట్టు చాటు కూడా లేని చోటికి అటువంటి గాలిలో రాత్రిపూట పోకుండా, వెచ్చని గదిలో పడుకుని గాలి తగ్గేదాకా ఆగినవాడు బుద్ధిమంతుడు. అదే రాత్రి ఆయన చుక్క పైకి కదులుతూ ఉంటే నేను భయపడేదాన్ని. కదిలే చుక్క క్షేమమనీ ఆగిన చుక్క ఆపద అనీ మనసుకు తోస్తుంది. ఈ దారిలో చాలాసార్లు అది తలకిందులుగా ఉంటుంది.

ఇక ఆ చుక్క అంటే ఏమిటో చెప్పాలి. పోటీదారు దగ్గర అరచేతిలో ఇమిడే పరికరం ఒకటి ఉంటుంది. అది కొన్ని నిమిషాలకు ఒకసారి తానున్న చోటును ఉపగ్రహానికి పంపుతుంది, ఆ చోటు ఒక పటం మీద చుక్కగా పడుతుంది. మగవారికి నీలం, ఆడవారికి గులాబీ. ఈ పరికరాల్లో కొన్ని పంపడం తప్ప పంపినది చేరిందో లేదో తెలుసుకోలేవు. ఇరుకైన లోయలో ఆకాశం చాలినంత కనబడకపోతే సంకేతం పోదు. సంచిలో బోర్లా పడినా పోదు. బ్యాటరీ చలికి సత్తువ తగ్గితే పోదు. మామూలు ఆల్కలైన్ బ్యాటరీలు అంత చలికి నిలవవు కాబట్టే అందరూ లిథియంవి వేస్తారు. కొన్నింటికి బ్యాటరీ పొదుపు కోసం కదలిక లేనప్పుడు పంపడం మానేసే ఏర్పాటు కూడా ఉంది. అంటే నిద్రపోతున్న మనిషి, చెడిపోయిన పరికరం, జారి దారిలో పడిపోయిన పరికరం, లేవలేని మనిషి, ఈ నాలుగూ తెర మీద అచ్చంగా ఒకే చుక్క. ఈ సంగతి తెలిశాక కూడా ఐదు నిమిషాలకోసారి తెరను తాజా చేసుకుంటూ ఉండేవారు ఆ పని ఎవరి కోసం చేస్తున్నారో తమను తాము అడగాలి. నేను తొలి రెండు రోజులూ అదే చేశాను. దానివల్ల ఆయనకు ఒరిగిందేమీ లేదు, నాకు నిద్ర పోయింది.

బయలుదేరే ముందు మేమిద్దరం కూర్చుని ఒక కాగితం రాసుకున్నాం. దారిని భాగాలుగా విడగొట్టి, ఏ భాగంలో ఎన్ని గంటలు చుక్క కదలకపోతే నేను నిర్వాహకులకు ఫోను చేయాలో అందులో ఉంది. రోన్ తర్వాత భాగానికి 18 గంటలు అని రాసుకున్నాం. అది గాలిలోంచి తీసిన అంకె కాదు. ఆయన స్లీపింగ్ బ్యాగ్ మైనస్ 40 డిగ్రీలకు సరిపడేది. సాధనలో చలిలో ఆయన పడుకున్న అతి పొడుగు నిద్ర తొమ్మిది గంటలు. పొయ్యి వెలిగించి, మంచు కరిగించి, బూట్లు మెత్తబరుచుకుని బయలుదేరడానికి రెండు మూడు గంటలు. పరికరం మొరాయిస్తే దాన్ని గమనించి సరిచేయడానికి కొన్ని గంటలు. ఇవన్నీ కూడితే వచ్చిన అంకె అది. నిజంగా సాయం కావాలంటే నొక్కడానికి పరికరంలో మీట ఉంది, దాన్ని నొక్కడానికి సిగ్గుపడనని ఆయన నాకు మాట ఇచ్చారు. ఆ కాగితం రాసిన రోజు నేను వెచ్చని గదిలో, తిని, నిద్రపోయి, తల తేటగా ఉన్న మనిషిని. నాలుగో రాత్రి నేను ఆ మనిషిని కాను. అటువంటి రాత్రి వస్తుందని తెలిసే తేటగా ఉన్నప్పుడు రాసుకున్నాం.

ఆ రాత్రి మొదటి గంటలో పటం మీద నేను గమనించినది ఒకటుంది. చుక్క వాగులో ఆగలేదు, వాగు దాటి ఒడ్డు ఎక్కి కాస్త ఎత్తు మీద ఆగింది. గాలి కదలని రాత్రుల్లో చల్లని గాలి బరువెక్కి పల్లాల్లోకి దిగి నిలుస్తుంది. నది గర్భంలో పడుకునేవాడికీ ఒడ్డు మీద ఎత్తున పడుకునేవాడికీ చలిలో ఎన్నో డిగ్రీల తేడా ఉంటుంది. ఈ ఎరుక ఉన్నవాడు చోటు ఎంచుకుని ఆగాడు కాబట్టి కూలబడిపోలేదని అనుకున్నాను. ఒంటిగంట దాకా ఆ ఊహ నన్ను నిలబెట్టింది. ఆ తర్వాత అదే ఊహను మనసు వెనక్కి తిప్పి చదివింది: వాగు దాటగానే ఎందుకు ఆగాడు?

మంచుగడ్డ కింద నీటికి ఒత్తిడి పెరిగి, పగుళ్లలోంచి పైకి ఉబికి, మంచుగడ్డకూ దాని మీద పరుచుకున్న మెత్తని మంచుకూ నడుమ నిలుస్తుంది. దీన్నే అక్కడివారు ఓవర్‌ఫ్లో అంటారు. పైన పరుచుకున్న మంచు దుప్పటిలా కప్పి ఉంచుతుంది కాబట్టి అంత చలిలోనూ ఆ నీరు గడ్డకట్టకుండా ఉంటుంది. చూపుకు అది తక్కిన మంచులాగే తెల్లగా ఉంటుంది, కాలు పెడితే మోకాలి దాకా నీళ్లు. ఆ చలిలో తడిసిన పాదానికి ఉన్న వ్యవధి నిమిషాల్లో లెక్క. ఈ దారికి వెళ్లేవారు అన్నిటికంటే ఎక్కువగా మాట్లాడుకునే భయం ఇదే. వాగు పక్కన ఆగిన చుక్కను చూస్తూ రాత్రి ఒంటిగంటకు నేను దాని గురించి తప్ప వేరే ఆలోచించలేకపోయాను. ఫోను చేతిలోకి తీసుకున్నాను కూడా.

చేసి ఉంటే ఏం జరిగేది? ఈ ప్రశ్నను నేను ఆ రాత్రి బల్ల మీద కాగితం పెట్టుకుని నిదానంగా వేసుకున్నాను, ఇప్పటికీ నా సమాధానం మారలేదు. నిర్వాహకులకూ నా దగ్గరున్న చుక్క తప్ప వేరే సమాచారం లేదు. అంత రాత్రివేళ పర్వతశ్రేణి మీదుగా హెలికాప్టరు రావాలంటే ఆకాశం సహకరించాలి. మిగిలింది నికొలాయ్ నుంచి ఎవరో ఒకరు నిద్ర లేచి, స్నోమెషీన్ ఎక్కి, మైనస్ 35 డిగ్రీల చీకట్లో 40 మైళ్లు, ఆ వాగుల మీదుగానే రావడం. ఆ మనిషికీ ఇంట్లో ఒకరు ఉంటారు. నా భయాన్ని ఆమె వంటింట్లోకి బదిలీ చేసే హక్కు నాకు ఎంత గట్టి కారణం ఉంటే వస్తుంది? ఆగిన చుక్క ఒక్కటే ఉంటే చాలదని నేను అనుకున్నాను. స్పృహ తప్పినవాడు మీట నొక్కలేడు కదా అనే అభ్యంతరం నిజమైనదే, చాలా గట్టిది కూడా. 18 అనే అంకె ఉన్నది ఆ సందేహం కోసమే. సందేహానికి మేం ముందే ఒక గడువు పెట్టుకున్నాం, సందేహం కలిగిన ప్రతిసారీ ఆ గడువును కుదించుకోవడం న్యాయం కాదు.

నేను గడియారం చూడడం మానేసి, ఆయన వెనక ఏడు మైళ్ల దూరంలో ఉన్న గులాబీ చుక్కను చూడడం మొదలుపెట్టాను. ఆమె ఎవరో నాకు తెలియదు. గంటకు మూడు మైళ్ల లోపు వేగంతో, ఒక్కసారి కూడా తొట్రుపడకుండా వస్తోంది. తెల్లవారుజామున 3:40కి గులాబీ చుక్క నీలం చుక్క మీదికి వచ్చింది. వచ్చి 20 నిమిషాలు అక్కడే ఉంది. తర్వాత ముందుకు కదిలి, అదే నిదానంతో నికొలాయ్ వైపు సాగిపోయింది. ఈ దారిలో ఆపదలో ఉన్న మనిషిని దాటిపోయేవారు ఉండరు. అది పోటీ నియమాల్లో రాసుకోవలసిన అవసరం లేనంత పాతుకుపోయిన మర్యాద. ఆమె 20 నిమిషాలు ఆగి వెళ్లిపోయిందంటే ఆయనను చూసింది, మాట్లాడింది, ఆయన వెళ్లమన్నారు. లేదా ఆమె అక్కడ కాస్త తిని, ఆయన ఉనికి చీకట్లో తెలియక వెళ్లిపోయింది. రెండోది కాదని నిశ్చయంగా చెప్పలేను గానీ, నేను దీపం ఆర్పి మూడు గంటలు పడుకున్నాను.

మర్నాడు 11:50కి చుక్క కదిలింది. ఏం జరిగిందో ఆయన నోట వినడానికి ఇంకో రోజున్నర పట్టింది. నేను భయపడ్డదే జరిగింది. ఎడమ కాలు మోకాలి దాకా ఓవర్‌ఫ్లోలో దిగిపోయింది. బయటికి లాగేసరికి బూటు పైన గడ్డ కట్టడం మొదలైంది. ఆయన ఒడ్డెక్కి, స్ప్రూస్ చెట్ల కింది ఎండు కొమ్మలు విరిచి నిప్పు రాజేసుకుని, తడి మేజోళ్లు తీసి, సంచి అడుగున కట్టి ఉంచిన పొడి జత వేసుకుని, బ్యాగులో దూరారు. బూటు ఆరడానికే సగం రాత్రీ తెల్లవారాక నాలుగు గంటలూ పట్టాయి. గులాబీ చుక్క మనిషి ఆగింది, మంటలో కొమ్మలు వేసింది, వేళ్లు చూపించమని అడిగి చూసింది, సాయం పిలవమంటారా అని అడిగింది. వద్దన్నారు. రెండు వేళ్లకు బొబ్బలు లేచాయి, ఇప్పుడు మానిపోయాయి.

కాబట్టి నా భయం వట్టిది అని నేను చెప్పడం లేదు. అది అక్షరాలా నిజమైంది. అయినా ఫోను చేయకపోవడమే సరైన పని. ఆపద ఉండడం వేరు, ఆ ఆపదకు నా దగ్గర మందు ఉండడం వేరు. ఆయనను కాపాడినవి పొడి మేజోళ్లు, అగ్గిపెట్టె, ఎత్తు మీద ఆగాలన్న ఎరుక, దారిన వచ్చిన ఒక మనిషి. ఆ నాలుగింటిలో ఒక్కదాన్నీ నేను వంటింట్లోంచి పంపగలిగేదాన్ని కాదు. ముందే పంపగలిగినది ఒకటుంది, అది ఆ మేజోళ్ల జత. బరువు తగ్గించాలని ఆయన తీసి పక్కన పెడితే నేను తిరిగి సంచిలో పెట్టించాను. ఇంట్లో ఉండేవారి అసలు పని పోటీ మొదలయ్యే ముందే అయిపోతుందని నేను నమ్మడానికి ఇదొక కారణం.

ఇంకో మాట తరచుగా వింటాను: "అసలు నువ్వెలా పంపావు?" అడిగేవారు మంచిమనసుతోనే అడుగుతారు. అయినా ఆ ప్రశ్నలో ఆయన నా చేతిలోని వస్తువు అవుతారు, ఆయన నిర్ణయం నా అనుమతి అవుతుంది. నేను పంపలేదు. ఆయన వెళ్లారు. వెళ్లడం వల్ల నా మీద పడే భారం ఎంతో ముందు నాతో మాట్లాడారు, నేను వద్దనడానికి నాకు నిజంగా చోటు ఇచ్చారు, నేను వద్దనలేదు. ఇలాంటి ప్రయాణాలు స్వార్థం అనే మాటకు నేను పూర్తిగా అడ్డం చెప్పను. ఇంట్లోవారితో ఆ మాటలు ఆడకుండా, గడువులు రాసుకోకుండా, చుక్క చూసుకుంటూ ఉండండి అని చెప్పి వెళ్లిపోయేవారి విషయంలో అది నిజమే. అలా వెళ్లేవారికి పరికరం ఒక సాకు. మీరు నన్ను చూస్తూనే ఉంటారు కదా అంటారు. చూడడం లేదు. మేం చుక్కను చూస్తాం.

మా అత్తయ్యగారికి ఆ పటం ఎలా తెరవాలో నేను చెప్పలేదు. ఇక్కడి రాత్రి ఆమెకు పగలు, 14 గంటలన్నర తేడా. ఆమె ఫోను చేసి "అమ్మాయ్, వాడు ఎక్కడున్నాడు?" అని అడిగినప్పుడు నేను ఊరి పేరు చెప్పేదాన్ని, తర్వాతి ఊరు ఎంత దూరమో చెప్పేదాన్ని. నాలుగో రాత్రి మాత్రం "రోన్ దాటారు, ఇంకా నికొలాయ్ చేరలేదు" అన్నాను. అది నిజం. అందులో నేను దాచిపెట్టినది ఉంది, దాని గురించి తర్వాత ఆమెకు చెప్పి క్షమించమని అడిగాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత, మళ్లీ అలాంటి రాత్రి వస్తే తనకు చెప్పమన్నారు, ఇద్దరం కలిసి కూర్చుందాం అన్నారు. ఆ విషయంలో నేను చేసినది తప్పు. ఆ రాత్రి నేను ఒక్కదాన్నే ఉండవలసిన అవసరం లేదు.

మెక్‌గ్రాత్‌కు చిన్న విమానంలో ముందే వెళ్లి ఎదురుచూశాను. ఆయన రాత్రి రెండు గంటలకు వచ్చారు. ముఖం మీద మంచు కరుగుతుండగా నా ఎదురుగా కూర్చుని వేడినీళ్లు తాగుతున్నప్పుడు ఫోను తెరిచి చూశాను. నీలం చుక్క ఇంకా వెనకే, రెండు మైళ్ల అవతల ఉంది.

350 మైళ్లు ముగించినవారికే 1000 మైళ్లకు పేరు ఇచ్చుకునే అర్హత. ఆయన ఇప్పుడు ఆ మాట ఎత్తారు. నేను మెక్‌గ్రాత్ అవతలి పటాలు చదవడం మొదలుపెట్టాను. ఏడాదిని బట్టి దారి రెండుగా చీలి కాల్టాగ్ దగ్గర మళ్లీ కలుస్తుంది, ఉనలక్లీట్ దగ్గర తీరం తగులుతుంది, షాక్టూలిక్ నుంచి కొయుక్ దాకా నోర్టన్ బే సముద్రం గడ్డకట్టిన మంచు మీద వెళ్లాలి. అక్కడ చెట్టు లేదు, ఎత్తు లేదు, గాలికి అడ్డం లేదు; నిప్పు రాజేయడానికి కొమ్మ లేదు. కొత్త కాగితం రాయడానికి కూర్చున్నాం. అంత దూరంలో పరికరాలు మొరాయించడం మామూలే కాబట్టి ప్రతి భాగానికీ 24 గంటలు రాద్దామని ఆయన అన్నారు. అడవి భాగాలకు ఒప్పుకున్నాను. నోర్టన్ బేకి ఆరు గంటలు మించి ఒప్పుకోనన్నాను, ఎందుకో చెప్పాను. అక్కడ ఆగిన చుక్కను చదవడానికి నాకు తెలిసిన ఒక్క మంచి అర్థం కూడా లేదు. ఆయన ఇంకా ఆలోచిస్తున్నారు. ఆ గడిలో ఏ అంకే రాయలేదు.